గొట్టపు మూతిలోని ఇరుకు: మట్టి లక్ష్యములకు చోక్ నిర్ణయము

పన్నెండు బోరు తుపాకి గొట్టము లోపలి వ్యాసము సుమారు పదునెనిమిదిన్నర మిల్లీమీటర్లు. గొట్టము తన నిడివి యంతయు దాదాపు ఒకే వెడల్పుతో సాగివచ్చి, మూతి సమీపించిన పిమ్మట చివరి కొలది అంగుళములలో మాత్రము కించిత్తు సన్నగిలును. ఈ ఇరుకునకే చోక్ అని పేరు. మిక్కిలి బిగువైన పూర్తి చోక్‌లో సైతము ఈ సంకోచము ఒక్క మిల్లీమీటరు మాత్రమే. అర చోక్‌లో అర మిల్లీమీటరు, పావు చోక్‌లో పావు మిల్లీమీటరు. సిలిండరు అనబడు గొట్టమున సంకోచమే లేదు. ఇంత స్వల్పమైన భేదమును గూర్చి తుపాకి పట్టినవారు నూటయేబది సంవత్సరములుగా వాదించుకొనుచున్నారు. ఆ వాదములో కొంత అనవసరమని నా అభిప్రాయము. కాని మిగిలిన భాగము ఎంతమాత్రమును త్రోసిపుచ్చదగినది కాదు. ఆకాశమున ఎగురు మట్టి పళ్ళెము పగులుటయో, చెక్కుచెదరక నేలకు దిగుటయో కొన్ని సందర్భములలో ఈ అర మిల్లీమీటరుపైననే ఆధారపడియుండును. ఆ సందర్భము లెవ్వియో, ఎవ్వి కావో విడమరచి చూపుటయే ఈ సమీక్షకు ఉద్దేశము.

చోక్ పుట్టినది మట్టి పళ్ళెముల కొరకు కాదు. ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరమున పేప్ అను తుపాకుల పనివాడు 1866లో పొందిన పేటెంటులో దీని ప్రస్తావన కలదు. అమెరికాలో ఇల్లినాయిస్ ప్రాంతపు బాతుల వేటకాడు ఫ్రెడ్ కింబుల్ తానే దీనిని కనుగొంటినని చెప్పుకొనెను. ఎవరు ముందో తేల్చుట కష్టము. తేల్చవలసిన అగత్యమును లేదు. బర్మింగ్‌హామ్ నగరపు డబ్ల్యు. డబ్ల్యు. గ్రీనర్ 1874 ప్రాంతమున ఈ పద్ధతిని స్థిరపరచి లోకమునకు చాటగా, మరుసటి ఏట లండనులో ‘ది ఫీల్డ్’ పత్రిక జరిపిన బహిరంగ పరీక్షలో చోక్ గల గొట్టములు సాదా గొట్టములను స్పష్టముగా మించినవి. అప్పటి లక్ష్యములు దూరమున ఎగురు పక్షులు. సిన్సినాటికి చెందిన లిగౌస్కీ మట్టి పళ్ళెమును ప్రవేశపెట్టినది 1880లో. అనగా చోక్ స్థిరపడిన పిదపనే. నేటి పళ్ళెములో మట్టి లేదు, సున్నపురాతి పొడియు డాంబరు వంటి జిగురు పదార్థమును కలిపి అచ్చుపోసినది. అయినను పేరు నిలిచిపోయినది. పక్షుల వేట కొరకు ఏర్పడిన కొలమానము సైతము అట్లే నిలిచి, ఈ క్రీడపై ఇప్పటికిని పెత్తనము చేయుచున్నది.

ఆ కొలమాన మిట్టిది. నలుబది గజముల దూరమున ముప్పది అంగుళముల వ్యాసము గల వృత్తమును గీసి, తూటాలోని రవలలో, అనగా సన్నని సీసపు గుండ్లలో, నూటికెన్ని ఆ వృత్తమున పడినవో లెక్కింతురు. సంప్రదాయముగ సిలిండరు గొట్టమునకు నలుబది, పావు చోక్‌కు ఏబదియైదు, అర చోక్‌కు అరువది, ముప్పావు చోక్‌కు అరువదియైదు, పూర్తి చోక్‌కు డెబ్బది అని చెప్పుదురు. అమెరికావారు వీనినే సిలిండర్, ఇంప్రూవ్డ్ సిలిండర్, మాడిఫైడ్, ఇంప్రూవ్డ్ మాడిఫైడ్, ఫుల్ అని పిలిచెదరు. ఒకటి రెండు మెట్లలో ఇరువురి కొలతలు సరిగా పొసగవు. మరచేర్పుతో బిగించు చోక్ గొట్టముల అంచున పేరునకు బదులు గీట్లుండుట ఇటలీ తుపాకులలో వాడుక: ఒక్క గీటున్న పూర్తి చోక్, అయిదున్న సిలిండరు. గీట్లు పెరిగినకొలది ఇరుకు తగ్గునని క్రొత్తవాడు ఊహింపలేడు గనుక మొదటిదినముననే చెప్పి తీరవలసిన మాట యిది.

ఈ శాతముల పట్టికను కంఠస్థము చేసినవాడు చోక్‌ను గూర్చి అంతయు నెరిగితినని భ్రమించుట సహజము. కాని నలుబది గజముల వద్ద చేసిన కొలత ఇరువది గజముల వద్ద పగులవలసిన పళ్ళెమును గూర్చి ఏమియు చెప్పదు. ఇరువది గజముల వద్ద సిలిండరు గొట్టమునుండి వెడలిన రవలు దాదాపు ముప్పది రెండంగుళముల వెడల్పున వ్యాపించును. పూర్తి చోక్ నుండి వెడలినవి పదునారంగుళములలోనే గుమిగూడి యుండును. నలుబది గజములకు చేరునప్పటికి ఈ వ్యాప్తులు సుమారు ఏబది యెనిమిదియు నలుబదియు అగును. అనగా దగ్గరలో ఒకటి రెండవదానికి రెట్టింపు కాగా, దూరమున ఒకటిన్నర రెట్లు మాత్రమే. చోక్‌ల మధ్య అంతరము దగ్గరి లక్ష్యముల విషయమున ఎంత తీవ్రమో ఇందువలన తెలియును. వెడల్పు మాత్రమే చూచిన సిలిండరే మేలని తోచును. దట్టము మాత్రమే చూచిన పూర్తి చోకే మేలని తోచును. దోసెడు విత్తనములను మడి యంతయు చల్లు రైతు ఎంత దూరము విసరిన అంత పలుచన యగునని యెరిగినట్లే, తుపాకి పట్టువాడును తన తూటాలోని రవల సంఖ్య పెరుగదని మొదట మనస్సున నిలుపుకొనవలెను.

ఆ సంఖ్యయే ఈ చర్చకు పునాది గనుక కొంచెము లెక్క వేసి చూతము. అంతర్జాతీయ పోటీలలో తూటాకు ఇరువదినాలుగు గ్రాముల సీసమునకు మించరాదు. రవ వ్యాసము 2.6 మిల్లీమీటర్లు దాటరాదు. మున్ముందు వివరింపబోవు ట్రాప్ క్రీడలో సామాన్యముగ వాడు 2.4 మిల్లీమీటర్ల రవలు ఇరువదినాలుగు గ్రాములకు సుమారు మున్నూరు తూగును. పళ్ళెము వ్యాసము 110 మిల్లీమీటర్లు, ఎత్తు ఇరువదియైదు మిల్లీమీటర్ల చిల్లర. అది తన వీపును పూర్తిగా మనకు చూపినయెడల రవలకు దొరకు వైశాల్యము దాదాపు పదునైదు చదరపు అంగుళములు. అంచు మాత్రమే చూపినయెడల నాలుగు చదరపు అంగుళములకు మించదు. నలుబది గజముల వద్ద పూర్తి చోక్ ఆ మున్నూరిలో రెండు వందల పదింటిని ముప్పది అంగుళముల వృత్తమున వేసిన, ఆ వృత్తపు వైశాల్యము ఏడువందల ఏడు చదరపు అంగుళములు గనుక, అంచు చూపు పళ్ళెమునకు సగటున ఒకటికి కొంచెము పైగా రవ తగులును. అర చోక్‌కు సరిగా ఒకటి. సిలిండరునకు మూడింట రెండు వంతులు. సగటు ఒకటి యనగా ప్రతి పళ్ళెమునకును ఒకటి తగులునని అర్థము కాదు. ఒకదానికి మూడు తగులును, మరొకదానికి ఒక్కటియు తగులదు. గురి దోషము లేకున్నను పళ్ళెము రవల నడుమనుండి సురక్షితముగ వెడలిపోవుట యిట్లు సంభవించును. వృత్తము నడుమ రవలు దట్టముగను అంచున పలుచగను ఉండుటచే, సరిగా మధ్యకు గురిపెట్టినవానికి ఈ లెక్క కన్న మేలైన ఫలము దక్కునన్నది నిజమే. అయినను దూరమున అంచు చూపుచు సాగు పళ్ళెమునకు పలుచని వెల్లువ పనికిరాదన్న సిద్ధాంతము ఈ లెక్కనుండి తప్పించుకొనజాలదు.

ఇక క్రీడలలోనికి వత్తము. స్కీట్ విషయమున వివాదము తక్కువ, కారణము దాని నిర్మాణముననే యున్నది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున ఆండోవర్ పట్టణమున చార్లెస్ డేవీస్, విలియం హార్న్‌డెన్ ఫాస్టర్ మొదలగు వేటగాండ్రు 1920 ప్రాంతమున అభ్యాసము కొరకు ఏర్పరచుకొన్న ఈ క్రీడలో, మొదటి ఏడు స్థానములును ఇరువదియొక్క గజముల వ్యాసార్ధము గల చాపముపై నుండును. యంత్రములున్న రెండు ఇండ్లనుండి వెడలు పళ్ళెముల మార్గములు కలియు బిందువే ఆ చాపమునకు కేంద్రము. కావున ఏ స్థానమునుండి చూచినను ఆ బిందువు ఇరువదియొక్క గజములే. ఎనిమిదవ స్థానమున పళ్ళెము నెత్తికి దగ్గరగానే దూసుకొనిపోవును. ఇట్టి దూరములకు రెండు మిల్లీమీటర్ల సన్నని రవలు సుమారు అయిదువందలు గల తూటాను సిలిండరు గొట్టమునుండి వదలినను, ముప్పదిరెండంగుళముల వెడల్పున ప్రతి పళ్ళెపు అంచునకును సగటున రెండు మూడు రవలు దొరకును. వీపునకు అంతకు మూడు నాలుగు రెట్లు. ఇంకను ఇరుకు వలదు. స్కీట్ చోక్ అను పేర అమ్మబడు గొట్టములలో సంకోచము అంగుళమున వేయింట అయిదు వంతులు మాత్రమే. 1968లో మెక్సికో నగరమున మొదటిసారి ఒలింపిక్స్‌లో చేరిన స్కీట్‌లో స్వర్ణమును గెలిచిన పెత్రోవ్ సోవియట్ దేశీయుడు. ఆ దేశపు తూలా కర్మాగారమున గొట్టపు మూతిని ఇరుకు చేయుటకు బదులు లోపల వెడల్పు చేసి పిదప మరల దగ్గరకు తెచ్చు పద్ధతిని స్కీట్ తుపాకులకై రూపొందించిరి. దాని పేరు నేటికిని తూలా చోక్. పరమావధి రవలను త్వరగా విప్పుటయే గనుక స్కీట్ ఆడువాడు పావు చోక్ దాటి బిగించుట తన వెడల్పును తానే పోగొట్టుకొనుట.

ట్రాప్ ఇందుకు సంపూర్ణముగ విరుద్ధమైనది. ఒలింపిక్ ట్రాప్‌లో అయిదు స్థానములకు పదునైదు మీటర్ల ముందు కందకమున పదునైదు యంత్రములు దాగియుండి, కేక విన్న తక్షణమే పళ్ళెమును మననుండి దూరముగ, డెబ్బదియారు మీటర్లు పోవు వేగమున విసరును. కుడికో ఎడమకో నలుబదియైదు డిగ్రీల వరకు వంగవచ్చును, ఎత్తు మారవచ్చును, ఏది వచ్చునో తెలియదు. ఎంత చురుకైనవాడు మొదటి గుండు పేల్చినను పళ్ళెము అప్పటికే ముప్పదిమూడు మీటర్ల ప్రాంతమున నుండును; రెండవ గుండునకు నలుబది దాటును. అదియు అంచు చూపుచునే పోవును. ఇచట పైన వేసిన లెక్క తన ప్రతాపమును చూపును. కావుననే ట్రాప్ తుపాకులలో మొదటి గొట్టమునకు ముప్పావు చోక్, రెండవదానికి పూర్తి చోక్ దాదాపు ఆచారముగ స్థిరపడినవి. 1964లో టోక్యోలో ట్రాప్ స్వర్ణము గెలిచిన ఎన్నియో మత్తరెల్లి సలహాతో డానియెలె పెరాజ్జి నిర్మించిన ఎమ్ఎక్స్ 8 తుపాకి ఈ సంప్రదాయమునకు నిలువెత్తు ఉదాహరణము. అట్టి తుపాకులు పట్టువారిలో అనేకులు మార్చుకొను చోక్ గొట్టములను వలదని, గొట్టముననే చెక్కిన స్థిర చోక్‌తో జీవితకాలము గడుపుదురు. మన దేశమున ఈ క్రీడకు పెద్ద పేరు తెచ్చినది బికనీర్ మహారాజు కర్ణీసింగ్. 1962లో కైరో నగరపు ప్రపంచ పోటీలలో ఆయనకు రజతము లభించినది. 2006లో మానవజీత్ సింగ్ సంధూ ప్రపంచ విజేత యయ్యెను. హైదరాబాదు వాసి కైనాన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ట్రాప్ కాంస్యమును, జట్టు స్వర్ణమును తెచ్చెను. తెలుగునాట ఈ క్రీడ నేర్చుకొన గోరు యువకుడు చోక్ విషయమున అయోమయమున పడవలసిన పని లేదు. ట్రాప్ ఆడదలచినచో బిగువు గొట్టములతోనే మొదలిడవలెను.

అమెరికా ట్రాప్‌లో మాత్రము ఒక సూక్ష్మమున్నది. అచట స్థానము యంత్రమునకు పదునారు గజముల వెనుక మొదలై, నిపుణునికి భారము పెంచు పద్ధతిలో ఇరువదియేడు గజముల వరకు జరుగును. పళ్ళెము అదియే, వేగము అదియే. ఆటగాడు పదునొకండు గజములు వెనుకకు పోయెను. పదునారు గజముల గీత వద్ద అర చోక్‌తో హాయిగ ఆడినవాడే ఇరువదియేడవ గజమున పూర్తి చోక్ లేనిదే నిలువలేడు. ఆట పేరును బట్టి చోక్ నిర్ణయించుట ఎంత చాలనిదో ఇంతకన్న చక్కగా చూపు ఉదాహరణము లేదు.

డబుల్ ట్రాప్ 1996 నుండి 2016 వరకు ఒలింపిక్స్‌లో నుండెను. ఒకేసారి వెడలు రెండు పళ్ళెములలో మొదటిదానిని దగ్గరలో త్వరగను, రెండవదానిని దూరమునను కొట్టవలెను. అందుచే రెండు గొట్టముల మధ్య అంతరము ఇందులో అన్నిటికన్న ఎక్కువగ నుండెడిది. 2004లో ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ రజతము గెలిచినది ఈ క్రీడలోనే.

మిగిలినది స్పోర్టింగ్. అసలు వివాదము, ఉత్సాహము, ధనవ్యయము అన్నియు ఇందులోనే. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో విస్తరించిన ఈ క్రీడలో ప్రతి స్థానమున పళ్ళెము వేరు విధముగ వచ్చును: ఒకచోట పదునైదు గజముల వద్ద నేలపై కుందేటి వలె దొర్లును, మరియొకచోట గోపురమునుండి మిక్కిలి ఎత్తున పోవును, ఇంకొకచోట అంచు చూపుచు మనవైపే వచ్చును. మరచేర్పుల చోక్‌లు వచ్చిన పిమ్మట ప్రతి స్థానమున తాళపుచెవితో గొట్టము విప్పి మార్చువారు బయలుదేరిరి. వెడల్పు పక్షమువారు, దగ్గరి పళ్ళెములే ఎక్కువ గనుక గురి తప్పిదమును క్షమించు పావు చోక్ చాలునందురు. బిగువు పక్షమువారు, గురి సరిగా కుదిరిన పళ్ళెము పొడియగుటయు, కుదురని పళ్ళెము చెక్కుచెదరకుండుటయు కన్నులార చూచినవాడు తన తప్పు నెరిగి దిద్దుకొనునని వాదింతురు. రెండవ వాదమున సత్యాంశము కలదు. దూరముగ చెక్కొకటి రాలిన పళ్ళెమును చూచి గురి కుడికి తప్పినదో ఎడమకు తప్పినదో చెప్పగల అనుభవశాలి యుండును. అయితే మొదటి ఏట నేర్చుకొనువానికి ఆ విద్య అబ్బదు. వానికి పళ్ళెము పగులుటయే ప్రోత్సాహము. పక్షముల నడుమ నిలిచి తీర్పు చెప్పవలసివచ్చిన, మొదటి గొట్టమునకు పావు చోక్, రెండవదానికి అర చోక్ బిగించి, వానిని అట్లే వదలివేయుమని చెప్పుదును. ఇందుకు కారణము లెక్కలోనే యున్నది. పావు చోక్ మొదలు పక్కపక్క మెట్ల మధ్య తేడా నూటికి అయిదు రవలు, అనగా తూటాకు పదునైదు. అడ్డముగ పోవు పళ్ళెమునకు ఎంత ముందు గురిపెట్టవలెనో ఆ అంచనాలో తప్పు ఒక అడుగైన, ఆ పదునైదు రవలు దానిని దిద్దజాలవు. చోక్ మార్చుచు నిలిచినవాని బుద్ధి పళ్ళెపు మార్గమును వదలి తుపాకి మూతిపై నిలుచును. అదియే అన్నిటికన్న పెద్ద నష్టము.

రవలు గాలిలో పళ్ళెము వలె పలుచగ కాక పొడవైన వరుసగ పోవును గనుక అడ్డపు లక్ష్యములకు చోక్ నియమములు వర్తింపవన్న సందేహము ఒకటి పూర్వము ప్రబలియుండెను. అమెరికా రచయిత బాబ్ బ్రిస్టర్ ఈ సందేహమును తీర్చుటకై చక్రములపై పెద్ద ఫలకము నిలిపి, దానిని కారు వెనుక కట్టించి, భార్య ఆ కారు నడుపుచుండగా పరుగిడు ఫలకమును కొట్టి గుర్తులను లెక్కించెను. 1976లో వెలువడిన ఆయన గ్రంథమున ఈ వృత్తాంత మున్నది. రవల వరుస అడ్డమున కొంత సాగుననుట నిజమే. కాని నిలిచిన ఫలకముపై దట్టముగ పడు తూటా కదలు ఫలకముపైనను మేలుగనే పడును.

ఇక ఫలకపరీక్ష. దీనిని గూర్చి విస్తరించి చెప్పక తప్పదు, ఏలయన దీనిని చేయువారు బహు తక్కువ. ఇనుపరేకునకు సున్నము పూసి గాని, నాలుగడుగుల కాగితము కట్టి గాని, తాను నిజముగ పళ్ళెము కొట్టు దూరమున దానిని నిలుపవలెను. నడుమ ఒక నల్లని గుర్తు పెట్టి, తుపాకిని భుజమునకు ఎత్తి, పళ్ళెమును కొట్టినట్లే ఆ గుర్తును కొట్టవలెను. పిదప గుర్తు చుట్టును కాక, రవలు అన్నిటికన్న దట్టముగ పడినచోట మధ్యము ఎంచి, పదునైదు అంగుళముల త్రాటికి పెన్సిలు కట్టి వృత్తము గీయవలెను. లెక్కించిన ప్రతి రంధ్రమును పెన్సిలుతో కొట్టివేయవలెను. లేనియెడల ఒక దానిని రెండుమారులు లెక్కపెట్టుట నిశ్చయము. ఒక్క కాగితము ఏమియు చెప్పదు. ఒకే పెట్టెలోని రెండు తూటాలలో ఇరువది ముప్పది రవల భేదము సర్వసాధారణము గనుక పది కాగితముల సగటు చూడవలెను. లెక్కించుటకన్న ముఖ్యమైన పని మరొకటి కలదు: పళ్ళెపు అంచు ఆకారమును అట్టముక్కలో కత్తిరించి, కాగితముపై అటునిటు జరుపుచు, రవ ఒక్కటియు లేని ఖాళీలలో ఆ ముక్క పూర్తిగా ఇముడుచున్నదేమో చూడవలెను. వృత్తపు మధ్యభాగముననే అట్టి ఖాళీలు తరచు కనుపించిన ఆ దూరమునకు ఆ చోక్ చాలదు. దట్టమైన బిందువు నల్లని గుర్తునకు అరయడుగు ప్రక్కగ పడుచున్నచో దోషము చోక్‌ది కాదు, తుపాకి కర్రది. ముందు దానిని సరిచేయించవలెను.

ఈ పరీక్షలో చోక్ పేరునకును ఫలమునకును పొంతన కుదరకపోవుట పలుమారులు కనుపించును. కొందరు తయారీదారులు గొట్టమును సాధారణముకన్న కించిత్తు వెడల్పుగ తొలుతురు. చోక్ అనునది గొట్టమునకును మూతికిని గల భేదమే గనుక, మూతి కొలత మాత్రమే చూచి నిర్ణయించిన పొరపడుదుము. వాడ్ అనగా తూటాలో మందునకును రవలకును నడుమ నుండు అడ్డు. ప్లాస్టిక్ గిన్నె గల వాడ్ రవలను గొట్టపు రాపిడి నుండి కాపాడి గుమిగూర్చును. ఊలు వాడ్ వానిని కొంత విప్పును. ఆంటిమొనీ చాలినంత కలిసిన గట్టి సీసము గుండ్రదనము కోల్పోక తిన్నగ పోవును. మెత్తని సీసము పేలుడు ఒత్తిడికి చప్పిడియై ప్రక్కలకు చెదరును. అగ్గువ తూటా పూర్తి చోక్ నుండి వెడలి అర చోక్ ఫలమును, మేలి తూటా అర చోక్ నుండి వెడలి పూర్తి చోక్ ఫలమును ఇచ్చుట అసాధ్యము కాదు. చోక్‌లు నాలుగు కొనుటకన్న, ఒక్క రకపు మంచి తూటాలను నిలుకడగ వాడుట మిక్కిలి లాభసాటి.

సీసము స్థానమున ఉక్కు రవలు ప్రవేశించుచుండుటచే ఈ పట్టికలన్నియు తిరిగి వ్రాయవలసిన కాలము కొన్ని దేశములలో ఇప్పటికే వచ్చినది. డెన్మార్క్ సీసమును ఎన్నడో విడిచినది. ఉక్కు చప్పిడి కాదు, ఇరుకులో నలుగదు. అందుచే అదే చోక్ నుండి సీసముకన్న ఒకటి రెండు మెట్లు బిగువుగ వెడలును. కాని తేలిక గనుక వేగమును త్వరగ కోల్పోవును. అందులకై ఒకటి రెండు సంఖ్యలు పెద్ద రవను తీసికొందురు, రవ పెద్దదైన లెక్క మరల మారును. పాత తుపాకి పూర్తి చోక్‌లోనుండి పెద్ద ఉక్కు రవలను పేల్చుట గొట్టమునకు ప్రమాదకరము. తయారీదారుని ముద్ర చూడక చేయరాని పని. సీసముతో ముప్పావు చోక్‌తో ఆడుటకు అలవాటుపడిన ట్రాప్ ఆటగాడు ఉక్కునకు మారవలసి వచ్చినప్పుడు పావు, అర చోక్‌లతో ప్రారంభించి, ముప్పదియైదు గజముల వద్ద కాగితము కట్టి, మొదటినుండి లెక్కపెట్టుకొనవలసియుండును.